హోమోసిస్టీన్ ఎక్కువ వచ్చిందా? రిపోర్టు చదవడం నుంచి మాత్ర మింగడం దాకా

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) పరీక్ష కూడా చేరుస్తున్నారు. చాలామందికి రిపోర్టులో మొదట కంటబడేది ఆ బొద్దక్షరాల అంకే. 22, 28, ఒక్కోసారి 40. పక్కనే ‘గుండెజబ్బు ముప్పు’ అని ఒక వాక్యం ఉంటుంది. సాయంత్రానికల్లా ఇంట్లో ఒక ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్పు, ఒక బి-కాంప్లెక్స్ సీసా చేరతాయి. ఆ కంగారులో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, కారణం తెలుసుకోకుండా ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం. రెండోది, ఆ మాత్రలు గుండెను కాపాడతాయనుకుని బీపీ, కొలెస్ట్రాల్ మందుల విషయంలో అశ్రద్ధ చేయడం. రెండోదే ఎక్కువ ప్రమాదం.

మన ప్రాంతంలో ఈ అంకె పెరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది బి12 లోపాన్ని. గుండె సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ముందు రక్తం తీసిన తీరు చూడండి

హోమోసిస్టీన్ పరీక్షలో తప్పులు ఎక్కువగా యంత్రం దగ్గర జరగవు, ట్యూబు దగ్గరే జరుగుతాయి. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను తయారుచేసి బయటికి వదులుతూనే ఉంటాయి. ట్యూబును మామూలు గది వేడిలో అలాగే ఉంచేస్తే గంటకు దాదాపు పది శాతం చొప్పున విలువ పెరుగుతుంది. ఉదయం ఏడింటికి ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడు మరో ఆరిళ్లు తిరిగి, మే నెల ఎండలో బండి మీద సంచీ వేసుకుని పదకొండింటికి ల్యాబుకు చేరితే, అసలు 13 ఉన్నవారి రిపోర్టులో 18 రావడం వింతేమీ కాదు.

సరిగ్గా చేయాలంటే ఇలా:

రాత్రి భోజనం తర్వాత పది, పన్నెండు గంటలు పరగడుపున ఉండాలి. మంచినీళ్లు తాగొచ్చు. ముందు రోజు రాత్రి మాంసం దండిగా తినకపోవడం మేలు. హోమోసిస్టీన్ పుట్టేది మాంసకృత్తుల్లో ఉండే మెథియోనైన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచే కాబట్టి భారీ భోజనం తర్వాత కొన్ని గంటలపాటు విలువ కాస్త ఎక్కువగా ఉంటుంది. కాఫీ, సిగరెట్ రక్తం ఇచ్చాకే.

రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోకి తీసుకోవాలి. తీసిన వెంటనే ఐస్‌లో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పే యంత్రం)లో తిప్పి ప్లాస్మాను, అంటే కణాలు లేని రక్తద్రవాన్ని వేరుచేయాలి. ఒకసారి వేరుచేశాక విలువ నిలకడగా ఉంటుంది, ఊరు దాటించినా ఫర్వాలేదు. ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డకట్టేదాకా ఆగి సీరం తీస్తే, ఆ ఆగిన సమయమంతా విలువ పెరుగుతూనే ఉంటుంది.

అందుకే ఈ ఒక్క పరీక్షకు ఇంటికి పిలిపించుకోవద్దు. ల్యాబుకే వెళ్లి, సెంట్రిఫ్యూజ్ అక్కడే ఉందా అని అడిగి మరీ ఇవ్వండి. 15కూ 20కీ మధ్య వచ్చిన రిపోర్టును ఈ పద్ధతిలో మరోసారి చేయించకుండా నమ్మాల్సిన పనిలేదు.

గుండెపోటు, పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లో తీసిన విలువ ఆ మనిషి అసలు స్థాయిని చూపదు. కనీసం ఆరు వారాలు గడిచాక చేయించాలి.

అంకె ఏం చెబుతోంది

కొలత మైక్రోమోల్/లీటరులో ఉంటుంది. 5 నుంచి 15 దాకా మామూలు. 15–30 స్వల్పం, 30–100 మధ్యస్థం, 100 దాటితే తీవ్రం. మగవారిలో, వయసు పైబడినవారిలో కొంచెం ఎక్కువ ఉండటం సహజం. గర్భిణుల్లో బాగా తక్కువ ఉంటుంది కాబట్టి వారిలో 12 వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

శరీరం హోమోసిస్టీన్‌ను రెండు దారుల్లో వదిలించుకుంటుంది. ఒకటి, దాన్ని తిరిగి మెథియోనైన్‌గా మార్చడం. దీనికి ఫోలేట్ (మాత్రల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ యాసిడ్), బి12 రెండూ కావాలి. రెండోది, సిస్టీన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మార్చే వైపు పంపడం. దీనికి బి6 కావాలి. పరగడుపు విలువ ప్రధానంగా మొదటి దారి మీదే ఆధారపడుతుంది. బి6 ఒక్కటే ఎంత మింగినా పరగడుపు అంకె పెద్దగా కదలకపోవడానికి కారణం ఇదే.

పుణెలో 441 మంది మగవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 67 శాతం మందికి బి12 తక్కువగా ఉంది, 58 శాతం మందికి హోమోసిస్టీన్ 15 దాటింది. పప్పు, ఆకుకూర తినే ఇళ్లలో ఫోలేట్‌కు అంత కరువుండదు. కరువంతా బి12కే. అమెరికాలోని తెలుగు శాకాహారులకు ఇది మరీ వర్తిస్తుంది. అక్కడ 1998 నుంచి గోధుమపిండి వంటి ధాన్యపు సరుకుల్లో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నారు కాబట్టి ఫోలేట్ లోపం అరుదు. హోమోసిస్టీన్ పెరిగితే చూపు నేరుగా బి12 మీదికే పోవాలి.

కారణం వెతికే వరస

మాత్ర నోట్లో వేసుకునే ముందే ఈ నాలుగూ చేయించండి: బి12, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క). ముందు మాత్రలు మొదలుపెట్టి పది రోజుల తర్వాత బి12 చూస్తే 900, 1500 అని వస్తుంది. అప్పుడు లోపం ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పటికే బి-కాంప్లెక్స్ వాడుతుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

బి12 విలువ 200 పికోగ్రాములు/మి.లీ. కంటే తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య అయితే అనుమానం, అప్పుడు పెరిగిన హోమోసిస్టీనే ఒక సాక్ష్యం. ఇంకా తేలకపోతే మిథైల్ మెలోనిక్ యాసిడ్ అనే మరో రక్తపరీక్ష చేయించొచ్చు. బి12 లోపంలో హోమోసిస్టీన్, మిథైల్ మెలోనిక్ యాసిడ్ రెండూ పెరుగుతాయి, ఫోలేట్ లోపంలో మొదటిది మాత్రమే. ఆ పరీక్ష ఖరీదైనది. బి12 విలువ 120 ఉన్నవారికి దాని అవసరం లేదు. కొన్ని ల్యాబులు, ముఖ్యంగా విదేశాల్లో, బి12ను పికోమోల్/లీటరులో ఇస్తాయి. దాన్ని 1.355తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 148 అంటే మన 200.

క్రియాటినిన్ పెరిగిందంటే కథ మారుతుంది. మూత్రపిండాల పని తగ్గేకొద్దీ హోమోసిస్టీన్ పెరుగుతుంది, డయాలిసిస్ మీద ఉన్నవారిలో దాదాపు అందరికీ ఎక్కువే. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది, దాన్ని సరిచేస్తే దిగుతుంది.

తర్వాత మందుల పెట్టె తెరిచి చూడాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగుల్లో బి12 తగ్గుతుంది. గ్యాస్ కోసం రోజూ పరగడుపున వేసుకునే ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కూడా దీర్ఘకాలంలో బి12 ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. మన ఇళ్లలో పెద్దవారికి ఈ రెండు మాత్రలూ ఒకేసారి నడుస్తుండటం మామూలే. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వాడే మెథోట్రెక్సేట్ ఫోలేట్‌ను దెబ్బతీస్తాయి. ట్రైగ్లిజరైడ్లకు ఇచ్చే ఫెనోఫైబ్రేట్ కూడా హోమోసిస్టీన్‌ను పెంచుతుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టరుకు జాబితా చూపించండి, చాలు.

ఫోలేట్‌ను ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంటీహెచ్‌ఎఫ్ఆర్ జన్యువు పరీక్షకు వేలు పోయకండి. ఆ జన్యువులో తేడా ఉంటే, ఫోలేట్ తక్కువైనప్పుడు హోమోసిస్టీన్ కాస్త పెరుగుతుంది. ఫలితం ఏదొచ్చినా చేసే వైద్యం ఒకటే. రక్తం గడ్డకట్టే జబ్బుల కారణం వెతికేటప్పుడు దీన్ని చేయించొద్దని అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంఘం 2013లోనే చెప్పింది. ఆ తేడా ఉన్నవారికి మామూలు ఫోలిక్ యాసిడ్ పనిచేయదనీ, ఖరీదైన మిథైల్ ఫోలేటే కావాలనీ చెప్పేది అమ్మకపు మాట.

మాత్రలు: ఏది, ఎంత, ఏ వరసలో

బి12 ముందు, ఫోలిక్ యాసిడ్ తర్వాత లేదా దానితో కలిపి. ఈ వరస తిరగబడకూడదు. బి12 లోపం ఉన్నవారికి ఉత్త ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తహీనత కొంత సర్దుకుంటుంది, సీబీసీ బాగుపడినట్టు కనిపిస్తుంది. లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతూనే ఉంటుంది. అరికాళ్ల తిమ్మిర్లు, కళ్లు మూసుకుంటే తూలడం, మతిమరుపు ముదిరాక బయటపడితే కొంత నష్టం తిరిగిరాదు. మందుల షాపులో మామూలుగా దొరికే ఫోలిక్ యాసిడ్ మాత్ర 5 మిల్లీగ్రాములది. అది పెద్ద మోతాదు, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టేది కాదు.

బి12 లోపానికి నోటి మాత్ర రోజుకు 1000 మైక్రోగ్రాములు. రోజుకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములైతే ఇంత ఎందుకంటే, పేగులో బి12ను మోసుకెళ్లే మామూలు దారి ఒక విడతకు ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాముల దగ్గరే నిండిపోతుంది. మిగిలినదాంట్లో సుమారు ఒక శాతం మాత్రం దానంతట అదే ఇంకుతుంది. 1000లో ఒక శాతం అంటే 10 మైక్రోగ్రాములు. పొట్ట సరిగ్గా పనిచేయనివారికి కూడా ఆ పది సరిపోతాయి. బి-కాంప్లెక్స్ మాత్రలు చాలావాటిలో బి12 కొద్ది మైక్రోగ్రాములే ఉంటుంది. లోపాన్ని పూడ్చడానికి అది చాలదు, స్ట్రిప్పు వెనక అంకె చదివి కొనండి.

బి12లోని రెండు రకాల్లో మిథైల్‌కోబాలమిన్ మంచిదా, సయనోకోబాలమిన్ మంచిదా అన్న వాదన మన షాపుల్లో ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా దొరికేది 1500 మైక్రోగ్రాముల మిథైల్‌కోబాలమిన్, అది వాడుకోవచ్చు. సయనోకోబాలమిన్ చవక, నిలవకు గట్టిది, అదీ పనిచేస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం మిథైల్ రకమే మేలని చాలామంది వైద్యులు ఎంచుకుంటారు.

తిమ్మిర్లు, తూలడం, బాగా పడిపోయిన హిమోగ్లోబిన్ ఉంటే మాత్రలతో ప్రయోగాలు వద్దు, ఇంజెక్షన్లే కావాలి. మామూలుగా 1000 మైక్రోగ్రాములు మొదటి వారం రెండు వారాలు రోజూ లేదా రోజు విడిచి రోజు, తర్వాత నెలపాటు వారానికొకటి, ఆపైన నెలకొకటి. తీవ్రమైన రక్తహీనతలో మొదటి రోజుల్లో పొటాషియం పడిపోవచ్చు కాబట్టి డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి. మెట్‌ఫార్మిన్ కొనసాగేవారూ పూర్తి శాకాహారులూ ఇంజెక్షన్ల కోర్సు అయిపోగానే ఆపేస్తే ఏడాది రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తారు.

ఫోలిక్ యాసిడ్ కూడా కావాల్సి వస్తే 0.4 నుంచి 0.8 మిల్లీగ్రాములు సరిపోతాయి. 0.8 దగ్గరే హోమోసిస్టీన్ తగ్గుదల దాదాపు గరిష్ఠానికి, అంటే పావు వంతుకు చేరుతుంది. 5 మిల్లీగ్రాములు వేసినా అంతకు మించి పెద్దగా దిగదు. మెథోట్రెక్సేట్, ఫెనిటోయిన్ వాడేవారు ఫోలిక్ యాసిడ్‌ను సొంతంగా కలపకూడదు.

బి6 దగ్గర జాగ్రత్త. నరాల బలానికంటూ అమ్మే స్ట్రిప్పుల్లో కొన్నింట్లో పైరిడాక్సిన్ (బి6) 3 మిల్లీగ్రాములుంటే కొన్నింట్లో 100 దాకా ఉంటుంది. పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే బి6 స్వయంగా నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిర్లు తగ్గలేదని మరో స్ట్రిప్పు, దాంతో మరిన్ని తిమ్మిర్లు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవారికి రోజుకు 12 మిల్లీగ్రాములనే గరిష్ఠ పరిమితిగా పెట్టింది.

మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారు భారీ మోతాదు బి-విటమిన్ల జోలికి పోకూడదు. కెనడాలో జరిగి 2010లో ఫలితాలు వెలువడిన డివైన్ అనే ట్రయల్‌లో అలాంటి రోగులకు ఫోలిక్ యాసిడ్ 2.5, బి6 25, బి12 1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తే హోమోసిస్టీన్ తగ్గింది, మూత్రపిండాలు మాత్రం మందు లేనివారికంటే వేగంగా క్షీణించాయి.

వంటింట్లో

ఫోలేట్ కోసం పాలకూర, తోటకూర, గోంగూర, పెసలు, శనగలు, అలసందలు. ఆకుకూరను ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్‌లో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. పప్పులో వేసి, నీళ్లు అందులోనే ఇంకేలా వండితే దక్కుతుంది. అన్నం గంజి వార్చినా అంతే. బలవర్ధక (ఫోర్టిఫైడ్) బియ్యంలో కలిపే గింజల్లో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు, అవి బియ్యప్పిండితో చేసిన గింజలే.

బి12 మొక్కల్లో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, అన్నిటికంటే ఎక్కువగా కాలేయం. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము, గుడ్డులో అర. రోజుకు రెండు గ్లాసుల పాలు, పెరుగు నిజంగా తీసుకునే శాకాహారికి రోజువారీ అవసరం గట్టెక్కుతుంది. కాఫీలో కలిసే చెంచాడు పాలు, నీళ్ల మజ్జిగ ఈ లెక్కలోకి రావు. పులిసిన ఇడ్లీ పిండిలో, చద్దన్నంలో బి12 పుడుతుందని నమ్మి కూర్చోకూడదు. ఆరోగ్యానికంటూ అమ్మే స్పైరులినా నాచు పొడిలో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని నకిలీ బి12. ఇక ఇప్పటికే వచ్చిన లోపాన్ని తిండితో పూడ్చడం సాధ్యం కాదు, మాత్ర కావాల్సిందే.

మళ్లీ పరీక్ష

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, అదే ల్యాబులో, అదే పద్ధతిలో. కారణం బి12 అయితే 35 ఉన్నది 12, 14కు దిగుతుంది. దిగకపోతే ముందు అడగాల్సింది మాత్రలు రోజూ వేసుకున్నారా అని. ఆ తర్వాత క్రియాటినిన్, థైరాయిడ్, మందుల జాబితా మళ్లీ చూడాలి. మోతాదు రెట్టింపు చేయడం చివరి ఆలోచన. హిమోగ్లోబిన్ కోలుకోవడానికి రెండు నెలలు, తిమ్మిర్లకు ఆరు నెలలైనా పడుతుంది.

మరి గుండె?

హోమోసిస్టీన్ ఎక్కువ ఉన్నవారికి గుండెపోటు ఎక్కువ వస్తుందన్నది నిజం. కిల్మర్ మెక్‌కల్లీ 1969లో, హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగే పుట్టు జబ్బుతో చనిపోయిన పిల్లల రక్తనాళాలు ముసలివారి నాళాల్లా పాడై ఉండటం గమనించి ఈ ఆలోచనకు ప్రాణం పోశారు. అయితే తగ్గిస్తే ముప్పు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు 2006లో వచ్చింది. హోప్-2 అనే ట్రయల్‌లో 5,522 మందికి ఐదేళ్లపాటు ఫోలిక్ యాసిడ్, బి6, బి12 లేదా ఉత్త మాత్ర (మందు లేని మాత్ర) ఇచ్చారు. గుండె మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే విటమిన్ల వైపు 18.8 శాతం, ఉత్త మాత్ర వైపు 19.8 శాతం. లెక్కలోకి రాని తేడా. నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మందితో చేసిన నార్విట్ ట్రయల్‌లో ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తీసుకున్నవారికి హోమోసిస్టీన్ 27 శాతం తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. మూడు విటమిన్లూ తీసుకున్నవారిలో కొంచెం ఎక్కువే అన్నట్టుగా కూడా కనిపించింది. 2010లో 12,064 మందితో ముగిసిన సెర్చ్ ట్రయల్ కూడా అదే తేల్చింది. పుట్టుకతోనే హోమోసిస్టీన్ కాస్త ఎక్కువుండే జన్యువు ఉన్నవారిలో కూడా గుండెజబ్బు ఎక్కువేమీ లేదని 2012లో వచ్చిన విశ్లేషణ చూపింది. మూత్రపిండాలు నెమ్మదించినా, సిగరెట్ తాగినా, వయసు మీదపడినా ఈ అంకె పెరుగుతుంది. గుండెజబ్బును పెంచేవి కూడా అవే.

పక్షవాతం విషయంలో చిన్న మినహాయింపు ఉంది. పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపని చైనాలో, బీపీ ఉన్న 20,702 మందిలో ఎనలాప్రిల్ అనే బీపీ మందు ఒక్కటే వాడినవారిలో 3.4 శాతం మందికి మొదటి పక్షవాతం వస్తే, దానితో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా తీసుకున్నవారిలో 2.7 శాతం మందికే వచ్చింది. 2015 నాటి ఆ ఫలితం వారి తిండికీ వారి లోపానికీ సంబంధించింది. దాన్ని బి12 తక్కువున్న మన శాకాహారికి అలాగే అంటగట్టకూడదు.

కాబట్టి స్టెంట్ వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు ఈ అంకె కోసం బి-విటమిన్లు వాడాల్సిన పనిలేదు, లోపం ఉంటే లోపానికి వాడాలి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు), ఆస్పిరిన్, బీపీ మాత్ర ఆపి వాటి స్థానంలో ‘సహజ’ విటమిన్లు పెట్టుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. గుండె ముప్పు లెక్కకు చూడాల్సినవి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), పొగ, కుటుంబ చరిత్ర. ప్యాకేజీలో ఇంకో పరీక్షకు డబ్బు పెట్టాలనుంటే జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్(ఎ) అనే వంశపారంపర్యంగా వచ్చే కొవ్వు పరీక్ష చేయించుకోండి, హోమోసిస్టీన్ కంటే అది నయం.

100 దాటితే

సరైన పద్ధతిలో తీసిన రక్తంలోనూ 100 దాటితే ఇదంతా పక్కనపెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాలి. తీవ్రమైన బి12 లోపంలోనూ ఇంత రావచ్చు. పిల్లల్లో, యువకుల్లో అయితే హోమోసిస్టిన్యూరియా అనే పుట్టు జబ్బును అనుమానించాలి. కంటి కటకం పక్కకు జారడం, పొడుగ్గా సన్నగా ఉండే కాళ్లూ చేతులూ, చదువులో వెనకబడటం, చిన్న వయసులోనే రక్తం గడ్డలు దాని గుర్తులు. వీరిలో దాదాపు సగం మందికి పెద్ద మోతాదు బి6తోనే విలువ దిగుతుంది, మిగతావారికి మెథియోనైన్ తక్కువుండే ఆహారం, బీటైన్ అనే మందు కావాలి. ఇక్కడ తగ్గించడం వల్ల రక్తనాళాలకు నిజంగానే మేలు జరుగుతుంది. తోబుట్టువులకు కూడా అదే వారంలో పరీక్ష చేయించండి.